జరగని ప్రమాదాన్ని లెక్కలో వేసుకోవచ్చా? బైక్ రైడింగ్ కోచ్ పని మీద చర్చ

హాఫ్‌క్లచ్ (చర్చ మొదలుపెట్టినవారు)

తొమ్మిదేళ్లుగా బైక్ నడపడం నేర్పుతున్నాను. మొదటి ఐదేళ్లు సెలవు రోజుల్లో మాత్రమే నేర్పేవాణ్ని. గత నాలుగేళ్లుగా నా పని ఇదే. మొన్న ఒక దగ్గరి స్నేహితుడు ముఖం మీదే అడిగేశాడు: "ప్రాణాలు కాపాడుతున్నానని నువ్వు అనుకుంటున్నావు. నీ వల్ల ఆగిన ప్రమాదం ఒక్కటి చూపించు." చూపించలేకపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ మాట కటువుగా ఉందని కాదు, నా దగ్గర జవాబు లేదని.

ఈ పనిలో నాకు దక్కేదేమిటో ముందు చెబుతాను, తర్వాత మీరు తేల్చండి.

మొదటి రోజు వచ్చినవాళ్లకు ఇంజన్ ఆపేసిన బండిని పక్కన నడిపించడం నేర్పుతాను. బరువు ఎటు ఒరుగుతుందో చేతులకు తెలియాలి. తర్వాత క్లచ్. ఆక్సిలరేటర్ జోలికి పోకుండా క్లచ్‌ను దారమంత వదిలితే బండి కొంచెం ముందుకు కదులుతుంది, మళ్లీ పట్టుకుంటే ఆగుతుంది. ఇలా ఇరవై సార్లు, ముప్ఫై సార్లు. ఎక్కడో ఒకచోట ఆ మనిషి భుజాలు కిందికి దిగుతాయి. అప్పటిదాకా చెవుల దాకా లాక్కుని ఉన్న భుజాలు. హెల్మెట్ లోపల ముఖం నాకు కనబడదు, భుజాలే కనబడతాయి. అవి దిగాయంటే బండి తన మాట వింటోందని ఆ మనిషికి తెలిసిపోయినట్టే. తొమ్మిదేళ్లలో వందల సార్లు చూశాను, ఒక్కసారి కూడా పాతబడలేదు.

కానీ నా స్నేహితుడు అడిగింది అది కాదు. భుజాలు దిగినంత మాత్రాన ఆరు నెలల తర్వాత రోడ్డు మీద ఆ మనిషి క్షేమంగా ఉంటాడా? ఉంటాడని నమ్మి నేను సంతోషపడుతున్నాను. ఆ సంతోషానికి నాకు హక్కు ఉందా లేదా, ఇదే నా ప్రశ్న.

గ్రీజుచేతులు

ఉంది. బండ్లు బాగుచేయడం నా పని. బ్రేక్ ప్యాడ్లు మార్చి పంపుతాను. ఆ ప్యాడ్ల వల్ల ఏ రోజు ఎవరు బతికారో నాకెవరూ వచ్చి చెప్పరు. అయినా మార్చాల్సిన ప్యాడ్ మార్చాక మనసు తేలికపడుతుంది. మీదీ అంతే.

లెక్కలమనిషి

గ్రీజుచేతులు గారూ, మీ పోలిక నాకు సరిపోయినట్టు అనిపించడం లేదు. అరిగిన ప్యాడ్ కన్నా కొత్త ప్యాడ్ బండిని త్వరగా ఆపుతుంది. అది కొలిచి చూపించవచ్చు. శిక్షణ పొందినవాడు పొందనివాడి కన్నా క్షేమంగా ఉంటాడన్నది అంత తేలిగ్గా తేలలేదు. బైక్ శిక్షణ ప్రమాదాలను తగ్గిస్తుందా అని పాత అధ్యయనాలన్నిటినీ ఒకచోట చేర్చి, వైద్య, ఆరోగ్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ సమీక్ష ఒకటి 2010లో వచ్చింది. చాలా అధ్యయనాల నాణ్యత బాగాలేదని, వాటిని బట్టి ఏ శిక్షణ ఎంత పనిచేస్తుందో గట్టిగా చెప్పలేమని అది తేల్చింది.

ఇంకో సంగతి. నార్వేలో ఒకప్పుడు కారు నడిపేవాళ్లకు జారుడు రోడ్డు మీద శిక్షణ తప్పనిసరి చేశారు. ఆ తర్వాత కుర్రాళ్లలో అలాంటి ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయి. స్కిడ్‌ను అదుపు చేయగలమన్న ధీమా వచ్చింది, దాంతో జారే రోడ్డు మీద వేగం తగ్గించడం మానేశారని పరిశోధకులు భావించారు. కారుకు జరిగింది బైక్‌కు జరగదని ఎలా అనుకుంటాం?

హాఫ్‌క్లచ్ గారిని నొప్పించాలని కాదు. దిగిన భుజాలు ధైర్యానికి గుర్తు అంటున్నారు కదా. ఆ ధైర్యం ఎటు పోతుందో మీకు తెలియదు. నాకు భయం అక్కడే.

ట్రాక్‌పిచ్చి

పాత లెక్క ఒకటి నేనూ చెబుతాను. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడి బృందం లాస్ ఏంజిలెస్ ప్రాంతంలో 900 బైక్ ప్రమాదాలను అవి జరిగిన చోటికే వెళ్లి పరిశీలించింది. 1981లో నివేదిక ఇచ్చింది. ప్రమాదాల్లో ఉన్న రైడర్లలో 92 శాతం మంది ఏ శిక్షణా లేనివాళ్లు. సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లు. ఇంకేం కావాలి?

లెక్కలమనిషి

92 ఒక్కటే చూపిస్తే సరిపోదు. ప్రమాదం జరగని రైడర్లలో శిక్షణ లేనివాళ్లు ఎంతమందో కూడా పక్కన పెట్టాలి. రోడ్డు మీద ఎక్కువమంది సొంతంగా నేర్చుకున్నవాళ్లే అయితే ప్రమాదాల్లోనూ వాళ్లే ఎక్కువగా కనబడతారు. అయితే అదే నివేదిక శిక్షణ ఉన్నవాళ్లు ప్రమాదాల్లో పడటం తక్కువని కూడా చెప్పింది. అది దాచిపెట్టి వాదించడం నాకు ఇష్టం లేదు. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలు అన్నీ ఒకే మాట చెప్పలేదు, అంతే.

పాతకోచ్

ఇరవై రెండేళ్లు నేర్పి, మోకాళ్లు సహకరించక మానేసినవాణ్ని. ట్రాక్‌పిచ్చి గారు తెచ్చిన నివేదికలో నన్ను మార్చింది 92 కాదు. ప్రమాదానికి ముందు రైడర్ ఏం చేశాడన్న భాగం. వెనక బ్రేక్ గట్టిగా తొక్కి చక్రాన్ని జార్చారు. ముందు బ్రేక్‌ను వాడాల్సినంత వాడలేదు. హ్యాండిల్‌ను నెట్టి పక్కకు తప్పించే నేర్పు దాదాపు ఎవరిలోనూ కనబడలేదు. చేతిలో ఉన్న సమయం మామూలుగా రెండు సెకన్ల లోపే.

ఆ రెండు సెకన్లను మైదానంలో అడుగులు వేసి చూశాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 16 మీటర్ల పైన పోతుంది. రెండు సెకన్లంటే 33 మీటర్లు. ఆ దూరంలోనే చూడాలి, గుర్తుపట్టాలి, చెయ్యి కదలాలి, బండి ఆగాలి. అలవాటు లేని చెయ్యి ఆ సమయంలో కొత్తగా ఏమీ నేర్చుకోదు. ఎప్పుడూ చేసేదే చేస్తుంది.

అందుకే మొదటి పదేళ్లూ నా పట్టంతా బ్రేక్ మీదే ఉండేది. ముందు బ్రేక్‌ను గబుక్కున లాగకు, నిమ్మకాయ పిండినట్టు పిండు అని చెప్పేవాణ్ని. ముందు బరువు ముందుకు రావాలి, ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కులు దిగాలి, టైరు నేలకు ఒత్తుకోవాలి, అప్పుడు ఇంకా గట్టిగా పిండినా పట్టు ఉంటుంది. వాళ్లు చక్కగా ఆపేవాళ్లు. నేను పొంగిపోయేవాణ్ని.

తర్వాత ఒక రోజు నా దగ్గర బాగా నేర్చుకున్న కుర్రాడొకడు వచ్చి, "సార్, ఈ నెలలో మూడుసార్లు మీరు నేర్పిన బ్రేకే నన్ను కాపాడింది" అన్నాడు. ఎంత సంతోషం! ఇంటికి వెళ్లాక ఆలోచనలో పడ్డాను. నెలలో మూడుసార్లా? ఇన్నేళ్లలో నాకే అన్నిసార్లు అవసరం పడలేదే. వాడికి ఆపడం నేర్పాను, చూడటం నేర్పలేదు. బ్రేక్ ఉందన్న ధీమాతో ముందు బండికి దగ్గరగా పోతున్నాడు. లెక్కలమనిషి గారు చెప్పిన నార్వే సంగతి నాకు అప్పటికి తెలియదు గానీ, అదే నా కళ్ల ముందు ఉంది.

హాఫ్‌క్లచ్ గారూ, మీ స్నేహితుడి ప్రశ్నకు నా జవాబు ఇది. సంతోషానికి హక్కు ఉంది, కానీ ఎక్కడ సంతోషపడుతున్నామో చూసుకోవాలి. బ్రేక్ బాగా కొట్టినవాణ్ని చూసి పొంగిపోవడం తేలిక. బ్రేక్ కొట్టాల్సిన అవసరమే తెచ్చుకోనివాణ్ని చూసి పొంగిపోవడానికి నాకు పదేళ్లు పట్టింది, ఎందుకంటే అక్కడ కంటికి కనబడేది ఏమీ ఉండదు.

హాఫ్‌క్లచ్

పాతకోచ్ గారూ, మీరు రాసింది నాలుగుసార్లు చదివాను. నెలలో మూడుసార్లు అన్నవాళ్లు నాకూ ఉన్నారు. అది నాకు పొగడ్తగానే వినిపించింది.

వెనకసీటు

నేను కోచ్‌ని కాదు, నేర్చుకున్నదాన్ని. నలభై ఆరేళ్ల వయసులో. అంతకు ముందు ఇరవై ఏళ్లు బండి మీద వెనకే కూర్చున్నాను. మీరంతా ప్రమాదాల గురించే మాట్లాడుతున్నారు. దయచేసి ఇదీ వినండి.

ముందు ఇంట్లోవాళ్ల దగ్గర నేర్చుకోబోయాను. రెండో రోజుకే ఆపేశాను. నేను తప్పు చేసిన ప్రతిసారీ వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి హ్యాండిల్ పట్టుకునేది. ప్రేమతోనే, కాదనను. కానీ ఆ చెయ్యి వచ్చిన ప్రతిసారీ నాకు రాదన్న నమ్మకమే పెరిగింది. తర్వాత వెళ్లిన కోచ్ నా బండిని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. నేను పడిపోయినప్పుడు కూడా ముందు నన్ను చూశారు, తర్వాత బండిని నాతోనే లేపించారు. బండికి వీపు ఆనించి, మోకాళ్లు వంచి, కాళ్ల బలంతో వెనక్కి నడుస్తూ లేపాలని చూపించారు. నా కన్నా మూడు రెట్లు బరువున్న బండి లేచింది. ఆ రోజు ఏడ్చాను.

ఇప్పుడు మా అమ్మను ఆసుపత్రికి నేనే తీసుకెళ్తాను. ఎవరికి తీరిక ఉందా అని ఫోన్లు చేయను. ప్రమాదం ఆగిందో లేదో నాకు తెలియదు. నా జీవితం మారింది, అది తెలుసు. ఇది ఆ కోచ్ లెక్కలో ఎందుకు రాదు?

లెక్కలమనిషి

వస్తుందండీ. దానికి నా దగ్గర ఎదురు మాట లేదు. నేను వాదించింది "ప్రాణాలు కాపాడుతున్నాం" అన్న మాట మీదే.

మూడోగేరు

నాకు ఈ చర్చ మొత్తంలో ఒకటి మింగుడుపడటం లేదు. తృప్తి, తృప్తి అంటున్నారు. నేను ఒక శిక్షణ సంస్థలో మూడేళ్లు పనిచేసి బయటికొచ్చాను. ఎప్పుడు జీతం పెంచమన్నా "ఈ పనిలో ఉండే తృప్తి ఎక్కడ దొరుకుతుంది" అనేవారు. రోజంతా ఎండలో నిలబడటం, దారి గుర్తుగా పెట్టే కోన్ల మధ్య పరుగులు, సాయంత్రానికి గొంతు పోవడం. ఒకరు పడితే ఆ రాత్రంతా టెన్షన్, నేను చెప్పడంలో ఏదైనా లోపం ఉందా అని. వాన పడితే క్లాసు లేదు, క్లాసు లేకపోతే డబ్బు లేదు. తృప్తి నిజమే. నేనూ అనుభవించాను. కానీ తృప్తిని చూపించి జీతం కోయడం అన్యాయం. ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లు ఈ మాట కూడా వినాలి.

పాతకోచ్

వినాలి. నా మోకాళ్లకు అయిన ఖర్చు కూడా ఎవరూ ఇవ్వలేదు. కోచ్‌కు సరైన డబ్బు రాకపోతే నష్టపోయేది నేర్చుకునేవాడే, ఎందుకంటే అనుభవం ఉన్నవాళ్లు మానేస్తారు, నిన్న నేర్చుకున్నవాడు ఇవాళ నేర్పుతాడు. ఒక కోచ్‌కు ఒకేసారి పన్నెండు మందిని అప్పగిస్తే ఎవరి భుజాలూ చూడలేడు. ఆరుగురు దాటితే నేను ఒప్పుకునేవాణ్ని కాదు, దానివల్ల కొన్నిచోట్ల పని పోగొట్టుకున్నాను కూడా.

ట్రాక్‌పిచ్చి

ఇంకో ప్రతిఫలం ఎవరూ చెప్పలేదు. నేర్పేవాడు నేర్చుకుంటాడు. నాకు ఇదే అన్నిటికన్నా పెద్దది.

బండి ఎడమకు తిరగాలంటే ఎడమ చేతితో హ్యాండిల్‌ను ముందుకు నెట్టాలి. అంటే ముందు చక్రం ఒక్క క్షణం కుడికి తిరుగుతుంది, దాంతో బండి ఎడమకు ఒరుగుతుంది. దీన్నే కౌంటర్ స్టీరింగ్ అంటాం. విమానం కనిపెట్టిన సోదరుల్లో పెద్దవాడు విల్బర్ రైట్ సైకిల్ తొక్కేవాళ్లను ఎందరినో ఎడమకు ఎలా తిరుగుతావని అడిగాడట. ఉన్నదున్నట్టు చెప్పినవాడు ఒక్కడూ లేడు. చేతులు చేస్తున్నాయి, నోరు వేరే చెబుతోంది. నేనూ పదకొండేళ్లు అలాగే నడిపాను. ఒళ్లు వంచితే బండి తిరుగుతుందనుకున్నాను. మొదటిసారి ఒకరికి నేర్పాల్సి వచ్చినప్పుడు నోటితో చెప్పలేక దొరికిపోయాను.

అమెరికాలో కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ స్థాపించిన కీత్ కోడ్ దీనికోసం ఒక బండే తయారు చేయించాడు. మామూలు హ్యాండిల్‌తో పాటు ఫ్రేముకు బిగించిన, కదలని ఇంకో హ్యాండిల్ ఉంటుంది. దానికీ ఆక్సిలరేటర్ ఉంటుంది. ఆ కదలని హ్యాండిల్ పట్టుకుని ఒళ్లు ఎంత వంచినా బండి కాస్త పక్కకు జరుగుతుందే తప్ప సరిగా మలుపు తిరగదు. వంద మాటలు చెప్పేకన్నా ఆ ఒక్క రౌండు చాలు.

కోచ్ అక్కర్లేని స్థాయి అంటూ లేదు. బైక్ రేసుల్లో తొమ్మిదిసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన వాలెంటినో రోసీ 2016లో, ముప్ఫై ఏడేళ్ల వయసులో, లూకా కడలోరాను తన కోచ్‌గా పెట్టుకున్నాడు. కడలోరా కూడా మూడుసార్లు ప్రపంచ ఛాంపియనే. రోసీకి బండి నడపడం నేర్పేదేముంది? బయట నిలబడి చూసే కన్ను కావాలి. బండి మీద ఉన్నవాడికి తను ఎలా ఉన్నాడో కనబడదు.

నిదానంగా

కొత్తగా కోచ్ కావాలనుకుంటున్నాను. పాతకోచ్ గారూ, "చూడటం నేర్పలేదు" అన్నారు. చూడటం ఎలా నేర్పుతారు? బ్రేక్ అయితే కోన్లు పెట్టి చూపించవచ్చు. చూపును ఎలా?

పాతకోచ్

మంచి ప్రశ్న అడిగారు. నేను చేసింది చెబుతాను, ఇంతకన్నా మంచి దారులు ఉండవచ్చు.

మైదానంలో మలుపు తిరిగేటప్పుడు వాళ్ల గడ్డం ఎటు ఉందో చూస్తాను. ముందు చక్రం వైపు ఉంటే ఆపేస్తాను. మనిషి ఎటు చూస్తే బండి అటే పోతుంది. గుంతను చూస్తే గుంతలోకే పోతుంది. కోన్ల అవతల నేను నిలబడి, వేళ్లు ఎన్ని చూపిస్తున్నానో తిరుగుతూ చెప్పమంటాను. తప్పనిసరిగా తల ఎత్తుతారు.

తర్వాత బండి లేకుండానే రోడ్డు పక్కన కూర్చోబెడతాను. అరగంట. వచ్చే ప్రతి వాహనం గురించి తర్వాత ఏం చేస్తుందో ముందే చెప్పాలి. సందులోంచి బయటికి రాబోతున్న కారును చూపించి, డ్రైవర్ ముఖాన్ని కాదు, ముందు చక్రాన్ని చూడమంటాను. డ్రైవర్ మనవైపు చూస్తూనే మనల్ని గమనించకపోవచ్చు. చక్రం కదిలిందంటే మాత్రం కారు కదిలినట్టే. మొదటి పది నిమిషాలు విసుక్కుంటారు. తర్వాత వాళ్లే "ఆ ఆటో ఆగుతుంది, మనిషి దిగుతాడు" అని చెబుతుంటారు.

చివరగా రోడ్డు మీద. వెనక నేను వస్తుంటాను, చూసింది చూసినట్టు పైకి చెబుతూ నడపమంటాను. "ఎడమ పక్క పిల్లలు, బంతి. వేగం తగ్గిస్తున్నా." చెబుతున్నంతసేపూ చూపు పనిచేస్తూనే ఉంటుంది. నోరు ఆగిందంటే చూపు ఆగింది.

ఇంకోటి. శిక్షణ అయ్యాక వాళ్లను ఒకటే అడగండి: గత నెలలో గట్టిగా బ్రేక్ కొట్టాల్సి వచ్చింది ఎన్నిసార్లు? ఆ సంఖ్య తగ్గుతుంటే మీరు నేర్పింది పనిచేస్తున్నట్టు.

లెక్కలమనిషి

ఇది నాకు నచ్చింది. ప్రమాదాలు అరుదు, ఒక కోచ్ తన శిష్యుల ప్రమాదాలు లెక్కపెట్టి ఏమీ తేల్చలేడు. గట్టిగా బ్రేక్ కొట్టడం అంత అరుదు కాదు, లెక్కపెట్టవచ్చు. ఇది శాస్త్రీయమైన రుజువు అనను. జ్ఞాపకాలు తప్పుతాయి, కోచ్ అడిగితే మొహమాటంతో తగ్గించి చెప్పేవాళ్లూ ఉంటారు. కానీ ఏమీ కొలవకుండా నమ్మడం కన్నా ఇది ఎంతో మెరుగు. హాఫ్‌క్లచ్ గారూ, అడిగి చూడండి. ఎక్కువ చెప్పినవాళ్ల సంగతి కూడా ఇక్కడ రాయండి, తక్కువ చెప్పినవాళ్లది మాత్రమే కాదు.

హాఫ్‌క్లచ్ (తొమ్మిది రోజుల తర్వాత)

అడిగాను. గత ఏడాది నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో పంతొమ్మిది మందికి ఫోన్ చేస్తే పద్నాలుగు మంది మాట్లాడారు. లెక్కలమనిషి గారు కోరినట్టు అందరివీ రాస్తున్నాను.

ఐదుగురు నెలలో నాలుగైదుసార్లు అన్నారు. అందులో ఇద్దరు, నేను క్లాసులో అందరి ముందూ మెచ్చుకున్నవాళ్లు. బ్రేక్ పరీక్షలో తెల్ల గీత దగ్గర సూది మొనంత తేడా లేకుండా ఆపినవాళ్లు. ఆ ఇద్దరినీ వచ్చే ఆదివారం రమ్మన్నాను, డబ్బు తీసుకోను. పాతకోచ్ గారు చెప్పినట్టు బండ్లు లేకుండా రోడ్డు పక్కన కూర్చుంటాం. ఆరుగురు ఒకటో రెండో అన్నారు. ఇద్దరు బండి నడపడమే మానేశారు. వాళ్లు ఎందుకు మానేశారో ఇంతవరకూ నేను అడగనే లేదు. అది నా తప్పు.

మిగిలిన ఒకామె "ఏమీ లేదు సార్" అంది. క్లాసులో అందరికన్నా నెమ్మదిగా నేర్చుకున్నది ఆమే. రెండుసార్లు మానేస్తానంది, బండిని మూడుసార్లు కింద పడేసింది. అసలు బండి తీస్తోందా లేదా అని అనుమానం వచ్చి, రోజూ నడుపుతున్నావా అని అడిగాను. రోజూ ముప్ఫై కిలోమీటర్లట. మరి ఏమీ జరగలేదా అన్నాను. "చెప్పుకోవాల్సినంత ఏమీ లేదు. నిన్న సందులో ఒక కారు ఆగి ఉంది. దాని చక్రం తిరుగుతున్నట్టు కనబడింది. ఆక్సిలరేటర్ వదిలేశాను. అది ముందుకు వచ్చేసింది, వెళ్లిపోయింది. నేనూ వెళ్లిపోయాను" అంది. తర్వాత, "ఎందుకు అడుగుతున్నారు సార్?" అంది.

చక్రం సంగతి నేను ఆమెకు ఎప్పుడు చెప్పానో నాకు గుర్తు లేదు. ఆమెకూ గుర్తు లేదు.

నా స్నేహితుడికి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వాళ్ల అమ్మాయికి వచ్చే నెల పద్దెనిమిది నిండుతాయని, బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందని అడిగాడు.

నిదానంగా

హాఫ్‌క్లచ్ గారూ, ఆ ఆదివారం రోడ్డు పక్కన కూర్చునేటప్పుడు నేనూ రావచ్చా?

హాఫ్‌క్లచ్

రండి. పొద్దున్నే ఏడింటికి. హెల్మెట్ అక్కర్లేదు, నోట్‌బుక్ తెచ్చుకోండి.